కత్తి కట్టేదాకా

భీమవరం దాటి ఉండి వైపు వెళ్తూ మెయిన్ రోడ్డు దిగి, చేపల చెరువుల గట్ల మీదుగా లోపలికి రండి. పుష్యమాసం చలి. తెల్లవారుజాము ఐదు కావస్తోంది. మంచు దట్టంగా దిగింది, బండి లైటు పది గజాలు కూడా పారడం లేదు. దారి చెప్పే మనిషి కనబడకపోయినా కంగారు పడక్కర్లేదు, కూతలు వినబడే వైపు పోతే చాలు. ఒకటి కూస్తుంది, దాని మీద ఇంకొకటి, వెంటనే పదీ పాతికా. పెరటికోళ్ల సాగదీత వీటికి లేదు. గొంతు బొంగురు, కూత పొట్టి, చివర్లో తెగి ఆగిపోతుంది.

కొబ్బరితోట చుట్టూ ఆకుపచ్చ వల కట్టారు. గేటు మీద సీసీ కెమెరా. బోర్డు లేదు. ఊళ్లో మాత్రం పసిపిల్లాణ్ణి అడిగినా ఇది ఎవరి మకామో చెబుతాడు. లోపల ఒక్కో కొబ్బరిచెట్టు మొదట్లో ఒక్కో పుంజు. కాలికి ముందు గుడ్డపేలిక చుట్టి, దాని మీద తాడు ముడేశారు. పక్క పుంజు అందకుండా, కనబడకుండా మధ్యలో తాటాకు తడికలు నిలబెట్టారు. కనబడితే చాలు, రోజంతా తాడు లాక్కుంటూ, నేల తవ్వుకుంటూ ఒంట్లో బలమంతా అక్కడే పోగొట్టుకుంటాయి.

లుంగీ మోకాళ్ల పైకి కట్టి, నెత్తికి మఫ్లరు చుట్టుకున్న మనిషి ఎదురొస్తాడు. అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు, మనమూ అలాగే పిలుద్దాం.

"అక్కడే ఆగండి బాబూ. సెంటు గానీ కొట్టుకొచ్చారా? కొత్త వాసనకి బెదురుతాయండి."

ఆగుదాం. ఆయన ముందు పుంజును చూడడు, దాని కింద నేల చూస్తాడు. రెట్ట గట్టిగా, తెల్లటి కొనతో ఉంటే రాత్రి తిన్నది అరిగినట్టు. పచ్చగా, పల్చగా ఉంటే ఆ పూట మేత బంద్. తర్వాత గొంతు కింద తిత్తిని రెండు వేళ్లతో నొక్కి చూస్తాడు. ఆ తర్వాతే తాడు విప్పి, పుంజును ఎడమ చంకలో ఇరికించుకుని చెరువు గట్టుకు నడుస్తాడు.

చెరువులో నడుము లోతుకు దిగి, పుంజును చేతులు చాచినంత దూరంలో వదులుతాడు. అది రెక్కలు సగం విప్పి, కాళ్లతో నీళ్లు తోసుకుంటూ మళ్లీ ఆయన దగ్గరికే వస్తుంది. మళ్లీ వదులుతాడు. చలికి మనకు పళ్లు కొట్టుకుంటుంటే ఆయన దాంతో కబుర్లు చెబుతుంటాడు. "రారా నాన్నా, ఇంకొక్కసారి, ఈ ఒక్కసారీ." తొడలకు దమ్ము పట్టేది ఈ ఈతతోనే. గట్టెక్కాక పొయ్యి మీద కాగుతున్న నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, రొమ్ముకూ తొడలకూ రెక్కల కిందా కాపడం. ఏ పుంజుకు ఎంత వేడి ఓర్పో ఆయన చేతికే తెలుసు. పుంజు కళ్లు అరమోడుస్తుంది.

ఆ తర్వాత మేత. గంట్లు, చోళ్లు, నానబెట్టిన బాదంపప్పు, జీడిపప్పు, ఉడికించిన గుడ్డులో తెల్లసొన, పండగ దగ్గరపడే కొద్దీ మటన్ కైమా. బాబాయ్ ఇంటికి కైమా వెళ్లేది నెలకోసారో ఏమో. ఆ మాట ఎత్తితే నవ్వేస్తాడు. "మనకెందుకండీ, మనమేం బరిలో దిగుతామా?"

ఇవాళ ఆయన చంకలో ఉన్నది కాకిడేగ. ఎర్రటి ఒంటి మీద నల్లటి ఈకలు కలిసిన పుంజు. ఈ తోటలో రంగు చెప్పకుండా కోడిని పిలవరు. పూర్తిగా నల్లదైతే కాకి, ఎర్రదైతే డేగ, తెల్లదైతే సేతువ, రెక్కల మీదా వీపు మీదా పసుపు తిరిగితే నెమలి. పర్ల, సవల, కౌజు, మైల, పింగళి, అబ్రాసు, గేరువా, ముంగిస, నల్లబోర. ఈ పేర్లు బాబాయ్ నోట గుక్క తిప్పుకోకుండా వస్తాయి. ఈ కాకిడేగకు రెండేళ్లు నిండబోతున్నాయి. ఇంతవరకు ఒక్క పందెం కూడా చూడలేదు.

గుట్టంతా ఈ రెండేళ్లలోనే ఉంది. బరి గుట్టేం కాదు, పండగ మూడు రోజులూ టీవీల్లోనే చూపిస్తారు. దాచుకునేది రక్తం. ఏ పుంజును ఏ పెట్టకు దాటించారు, ఆ పెట్ట ఎవరి మకాం నుంచి ఎలా వచ్చింది, దాని అన్నదమ్ములు ఏ బరిలో ఎలా కొట్టాయి, ఇవేవీ కాగితం మీద ఉండవు. అసీల్ జాతి మీద పెరూ రక్తం ఎక్కించినవాళ్లున్నారు, తమిళనాడు నుంచి పుంజులు తెచ్చి దాటించినవాళ్లున్నారు. పుంజు ధర పాతికవేల దగ్గర మొదలై లక్షల్లోకి పోతుంది. పుంజునైతే బేరం కుదిరితే ఎవరైనా అమ్ముతారు. పెట్టను అమ్మరు. "దెబ్బ తండ్రి నుంచి రావచ్చండి, నిలబడటం మాత్రం తల్లి నుంచే రావాలి" అంటాడు బాబాయ్. గేటు మీద కెమెరా పెట్టింది పుంజుల కోసమనుకుంటాం. నిజానికి అది తిరిగి ఉన్నది వెనక గూళ్లలో గుడ్లు పొదుగుతున్న పెట్టల వైపు.

గుడ్లు పొదిగి పిల్లలు లేచిన నాటి నుంచి ఏరివేత మొదలవుతుంది. కొక్కెర తెగులు వస్తే ఏరే పని లేకుండానే గూళ్లు ఖాళీ. 2025 ఫిబ్రవరిలో తణుకు పక్క వేల్పూరులో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు ఇలాంటి మకాంలలో నిద్రపోయినవాడు లేడు. బతికిన పుంజుపిల్లలు ఆరేడు నెలలకు ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలెడతాయి. అప్పుడు విడదీసి చెట్టుకు కడతారు. ముళ్లకు గుడ్డ చుట్టి, జతకు వదిలి చూస్తారు. వెనక్కి తిరిగింది కూరకు పోతుంది. ఎగిరింది, ఎగిరి ఎదుటిదాని రొమ్ము చూసి తన్నింది, దెబ్బ తిన్నాక కూడా మెడ నిక్కించింది చెట్టు దగ్గరికి తిరిగొస్తుంది. ఈ రెండో రకం నూటికి ఎన్నని బాబాయ్‌ని అడిగితే లెక్క చెప్పడు, దిష్టి.

ఏడు కావస్తుండగా కారు ఆగుతుంది. మకాం పెట్టిన రాజుగారు. ఫోను చెవి దగ్గరే ఉంది, కళ్లు మాత్రం కాకిడేగ మీద.

"ఎలా ఉందిరా?"

"ఆయ్, బానే ఉందండి. నిన్న కాస్త మెతగ్గా ఉంది. ఇవాళ లేచిందండి."

"భోగి నాడు దించుదామా, సంక్రాంతికా?"

బాబాయ్ జేబులోంచి మడతలు నలిగిన పుస్తకం తీస్తాడు. కుక్కుట శాస్త్రం. ఏ తిథికి, ఏ నక్షత్రానికి, ఏ జాములో ఏ రంగు కోడి దేని మీద గెలుస్తుందో, ఏ వారం ఏ దిక్కు నుంచి బరిలోకి దించాలో అందులో పట్టికలున్నాయి. కంప్యూటర్ ఇంజనీరు కొడుకులున్న ఇళ్లలో కూడా ఈ పుస్తకం చూడకుండా లక్ష రూపాయల పందెం కాయరు. ఎదుటి మకాంవాడి జేబులోనూ ఇదే పుస్తకం ఉంటుంది కదా అని నాకు ఎప్పుడూ అనుమానం. ఆ మాట పైకంటే ఇద్దరూ కలిసి నన్ను గేటు బయట దింపుతారు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడికీ నాగమ్మకీ మధ్య జరిగిన కోడిపందెంతో పల్నాడు రాజ్యమే తలకిందులైందని వీరగాథ చెబుతుంది. ఓడినవాళ్లు ఏడేళ్లు ఊళ్లు విడిచి వలస పోయారు. మన దగ్గర ఈ పిచ్చి నిన్నా మొన్నటిది కాదు.

పండగ రెండు వారాలుందనగా పోలీసులు వస్తారు. పాతవాళ్లను స్టేషనుకు పిలిచి బైండోవర్ చేస్తారు, పట్టుబడిన కత్తులను బల్ల మీద పేర్చి ఫొటోలు తీస్తారు, ఊరి మొదట్లో ఫ్లెక్సీ కడతారు. ఉమ్మడి హైకోర్టు 2016 డిసెంబరులో ఈ పందేలను అడ్డుకోవాలని గట్టిగానే చెప్పింది. ఫ్లెక్సీకి కూతవేటు దూరంలో పొక్లెయిను మడి చదును చేస్తుంటుంది. అది ఎందుకో కట్టిన కానిస్టేబుల్‌కూ తెలుసు, చదివిన మనకూ తెలుసు. భోగి పొద్దున్న మాత్రం కాసేపు అందరూ బిగబట్టుకుని కూర్చుంటారు. పది దాటాక ఎవరి ఫోనో మోగుతుంది. "కానివ్వండంట."

ఇక చూడండి. నిన్నటిదాకా వరి కోసిన చేలో ఇవాళ కార్లు పెట్టడానికి జాగా లేదు. టీఎస్, టీజీ నంబరు ప్లేట్లు ఏపీ వాటితో సమానంగా ఉన్నాయి. భీమవరం లాడ్జీల్లో గదులు నెలల ముందే అయిపోయాయి. టెంట్లు, ఎల్‌ఈడీ తెరలు, చేతికి రంగు పట్టీ ఉంటేనే లోపలికి పంపే వీఐపీ గ్యాలరీ. నల్ల టీషర్టుల బౌన్సర్లు. బిర్యానీ, ఐస్‌క్రీమ్, గుండాట బల్లలు, పేకాట గుడారం. అమెరికా నుంచి దిగిన మేనల్లుడు ఫోనులో లైవ్ పెట్టాడు. ఎక్కువ పందేలు గెలిచినవారికి బుల్లెట్ బండి ఇస్తామని మైకులో అరుస్తున్నారు. అదిగో, ఆ జనం మధ్యలో చదరంగా తాడు కట్టి, నీళ్లు చల్లి తొక్కిన నేల. అదే బరి.

బాబాయ్ జనంలో లేడు. టెంటు వెనక, నీడపట్టున, వెదురు గంపలో కాకిడేగను పెట్టుకుని కూర్చున్నాడు. దానికి మైకు మోత వినబడకుండా గంప మీద దుప్పటి కప్పాడు. ఎదుటివాళ్లు జత కోసం వచ్చారు. వాళ్లది పచ్చటి నెమలి. రెండిటినీ చేతుల్లో పట్టుకుని పక్కపక్కన నిలబెడతారు. ఎత్తు చూస్తారు, రొమ్ము వెడల్పు చూస్తారు, ఒకరి పుంజును ఒకరు ఎత్తి బరువు అంచనా వేస్తారు. ఇలా కళ్లెదుట పెట్టి కుదుర్చుకుంటే చూపుడు పందెం. కోడిని చూపకుండా గుడ్డ కప్పి ఒప్పుకునేది ముసుగు పందెం, దానికి గుండె ఎక్కువ కావాలి. కత్తి లేకుండా కాళ్ల బలంతోనే కొట్టుకునే డింకీ పందెం ఈ మధ్య బరుల్లో పెద్దగా కనబడదు, గంటల తరబడి చూసే ఓపిక డబ్బు కాసేవాళ్లకు లేదు. "అయిదు?" అంటారు వాళ్లు. రాజుగారు తలూపుతారు. అయిదంటే అయిదు లక్షలు. కోటి దాటిన పందేలు పేపర్లకెక్కిన జిల్లా ఇది, అయిదుకు ఎవరూ తల తిప్పి కూడా చూడరు.

కత్తి కట్టేవాడు వచ్చాడు. చిన్న తోలుపెట్టె తెరిస్తే లోపల గుడ్డ మడతల మధ్య కత్తులు, ఒక్కోటి వేలెడు పొడవు, కొద్దిగా వంపు తిరిగి. బాబాయ్ పుంజును ఒళ్లో వెల్లకిలా తిప్పి కాలు చాపి పట్టుకున్నాడు. కత్తి కట్టేవాడు మోకాళ్ల మీద కూర్చుని, ముందు కాలికి మెత్తటి గుడ్డ చుట్టాడు, ముల్లు వెనక కత్తి మొదలు ఆనించి, దారం తిప్పడం మొదలెట్టాడు. ఒక చుట్టు, లాగి చూడటం. ఇంకో చుట్టు, ఒక కన్ను మూసి కత్తి మొన ఎటు చూస్తోందో చూడటం. పెళ్లికూతురికి పారాణి పెడుతున్నంత ఒద్దిగ్గా ఉంది ఆ పని. మొన ఒక వెంట్రుక లోపలికి తిరిగితే పుంజు తన కాలే కోసుకుంటుంది. బయటికి తిరిగితే దెబ్బ గాల్లో పోతుంది. అందుకే పందేనికింతని ఈయనకు ఇచ్చే డబ్బు దగ్గర ఎవరూ బేరం ఆడరు. కట్టడం అయ్యాక మొనకు చిన్న తోలుతొడుగు వేసి లేచాడు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. పుంజు బాబాయ్ మోచేతి మీద తల ఆనించి ఉంది.

కాస్త దూరంగా నిలబడండి. ఈ కత్తికి తనవాడూ పరాయివాడూ తెలియదు. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో పందేనికి తెచ్చిన పుంజు విదిలించుకోబోతే దాని కాలి కత్తి పట్టుకున్న మనిషికే దిగింది, ఆయన చనిపోయాడు. ఆ పుంజును పోలీసులు స్టేషనుకు తీసుకుపోయి మేత వేసి చూసుకున్నారు, దాని ఫొటో దేశమంతా తిరిగింది. నవ్వుకున్నవాళ్లే ఎక్కువ.

బరిలో అరుపులు చెవులు దద్దరిల్లేలా ఉన్నాయి. "కాకిడేగ మీద యాభై! యాభై! ఎవరండీ?" "నెమలి మీద ఇరవై, ఇదిగో!" ఇవి పై పందేలు, ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య వేలు చూపించి కుదిరేవి. కాగితం లేదు, సంతకం లేదు. ఓడినవాడు ఎగ్గొట్టడు, ఎగ్గొడితే మళ్లీ ఏ బరిలోనూ అడుగుపెట్టలేడు. బాబాయ్ నోట్లోకి నీళ్లు తీసుకుని పుంజు మొహం మీద సన్నగా ఊదాడు. రెండు పుంజుల్నీ ముక్కులు తగిలేంత దగ్గరగా చూపించారు. మెడ ఈకలు గొడుగులా విచ్చుకున్నాయి. తొడుగులు తీశారు. వదిలారు.

మీరు రెప్ప వేసి ఉంటే మొదటి ఎగురు తప్పిపోయినట్టే. రెండూ ఒకేసారి నేల విడిచాయి, గాల్లో కాళ్లు కలిశాయి, తడిగుడ్డ బండకేసి కొట్టిన చప్పుడు. దిగాయి. నెమలి రెక్క కింద ఎర్రగా. జనం కాకిడేగ పేరు అరుస్తున్నారు. రెండో ఎగురు కాకిడేగదే, ఎత్తుగా, కాళ్లు ముందుకు చాచి, నెలల తరబడి చెరువులో ఈదిన తొడలతో. దెబ్బ తగిలింది. నెమలి ఒరిగింది. ఒరుగుతూనే ఒక్క కాలు పైకి విసిరింది, అంతే. కాకిడేగ దిగిన చోటే నిలబడింది, రెండడుగులు నడిచింది, ముక్కు నేలకు ఆనింది. మూలుగు లేదు, కొట్టుకోవడం లేదు. బాబాయ్ లోపలికి వచ్చి ఎత్తి, వీపు మీద నీళ్లు ఊది, మళ్లీ నిలబెట్టాడు. నిలబడలేదు. ఒరిగిపోయిన నెమలి మెడ ఎత్తి దాన్ని ఒక్కసారి పొడిచింది. పందెం అయిపోయింది. నిమిషం కూడా పట్టలేదు.

డబ్బు కట్టలు చేతులు మారుతున్నాయి. అటు చూడకండి, బాబాయ్‌ని చూడండి. వంగి, దారం కొరికి, కత్తి విప్పి కత్తి కట్టినవాడికి ఇచ్చేశాడు. పుంజును కాళ్లు పట్టుకుని ఎత్తలేదు, చంకలోకే తీసుకున్నాడు. అలవాటు. రెండడుగులు వేశాక గుర్తొచ్చి ఎదుటివాళ్లకు అందించాడు. ఓడిన కోడి కోస, గెలిచినవాడి సొత్తు. బాదంపప్పు తిన్న మాంసమని కోసకు ఇక్కడ ప్రత్యేకమైన గిరాకీ, హైదరాబాద్‌లో ఆఫీసర్లకు కానుకగా కూడా పంపిస్తారు.

ఈ మనిషికి ఆ పుంజంటే ప్రేమ లేదని నేను అనలేను. చలిలో నడుం లోతు నీళ్లలో నిలబడి దాన్ని నాన్నా అని పిలిచింది నటన కాదు. ఎవరూ చూడని వేళలో ఎవరూ నటించరు. ఆ చేతులతోనే కాలు చాపి పట్టుకుని కత్తి కట్టించాడన్నదే నాకు మింగుడు పడదు. పందేలు మన సంస్కృతి అని మైకుల ముందు మాట్లాడేవాళ్ల మాట తేలిగ్గా కొట్టిపారేయగలను, వాళ్లు చెరువులో దిగరు.

అమెరికాలో పిట్‌బుల్ కుక్కల్ని పోరుకు పెంచేవాళ్ల కథలు చదివితే ఇదే మకాం కనబడుతుంది. తోటల చాటున గొలుసులకు కట్టిన కుక్కలు, ఒకదానికొకటి అందనంత దూరంలో. రక్తం మీద అదే పిచ్చి, తల్లి ఎవరు తండ్రి ఎవరు అనే అదే ఆరా. పందేనికి ముందు వారాల తరబడి ఉడికించిన మాంసం, ట్రెడ్‌మిల్ మీద పరుగు. బరువు సరిగ్గా తూచి జత కుదర్చడం. ఒంటికి విషం పూశారేమోనని ఎదుటివాడి కుక్కను తామే స్నానం చేయించడం. మూడు పందేలు గెలిస్తే చాంపియన్, అయిదు గెలిస్తే గ్రాండ్ చాంపియన్. వెనక్కి తిరిగిన కుక్క గతి వెనక్కి తిరిగిన పుంజు గతే. అట్లాంటా ఫాల్కన్స్ జట్టు ఫుట్‌బాల్ స్టార్ మైకేల్ విక్‌కు వర్జీనియాలోని సర్రీ కౌంటీలో ఇలాంటి స్థావరం ఉండేది, పేరు బ్యాడ్ న్యూజ్ కెన్నెల్స్. 2007 ఏప్రిల్‌లో మత్తుమందుల కేసులో సోదాకు వెళ్లిన పోలీసులకు అక్కడ నల్లరంగు పూసిన షెడ్లు, యాభైకి పైగా పిట్‌బుల్స్ కనబడ్డాయి. ఆ ఏడాది డిసెంబరులో ఆయనకు 23 నెలల జైలుశిక్ష పడింది, పట్టుబడిన కుక్కల పోషణకు తొమ్మిది లక్షల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది. కోడిపందేలను చివరగా నిషేధించిన అమెరికా రాష్ట్రం లూసియానా, అమల్లోకి వచ్చింది 2008లో. 2014 నుంచి ఆ దేశంలో ఇలాంటి పందెం చూడటానికి వెళ్లినా ఫెడరల్ నేరమే.

మన 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం పదకొండో సెక్షను ప్రకారం మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకా. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే పాతిక నుంచి వంద, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 1974 గేమింగ్ చట్టం వేరే ఉంది. బరి బయట బండి పెట్టినందుకు మనం కట్టిన పార్కింగ్ టికెట్ వంద రూపాయలు.

మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది. టెంటు వెనక గెలిచిన నెమలికి కుట్లు వేస్తున్నారు. రెక్క కింద ఈకలు పీకి, పసుపు అద్ది, మామూలు సూదీ దారంతో. బతికితే మళ్లీ బరిలోకి దించకపోవచ్చు, పెట్టలకు దాటించడానికి ఉంచుకుంటారు. బాబాయ్ పక్కనే నిలబడి సలహా ఇస్తున్నాడు. "అంత లోతుగా గుచ్చకండి, తోలు వరకే." ఇందాక తన పుంజును చంపిన పుంజు అది. ఆ సంగతి అక్కడ ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

రాజుగారు వచ్చి భుజం మీద చెయ్యేశారు. "సాయంత్రానికి సేతువని సిద్ధం చెయ్యరా."

"ఆయ్."

కుట్లు వేయిస్తున్న ఎదుటి ఆసామి చేతులు తుడుచుకుని బాబాయ్ దగ్గరికొచ్చాడు. ఆయన కళ్లు ఇంకా ఆ రెండో ఎగురు దగ్గరే ఉన్నాయి.

"మీ కాకిడేగ భలే లేచిందండీ. మాది కింద పడి కాలు విసరబట్టి గానీ... దాని తల్లి ఉందా మీ దగ్గర?"

"ఉందండి."

"ఎంతంటారు?"

"పెట్టని ఇవ్వమండీ."

"పోనీ గుడ్లు? ఒక్క పొదుగు. డబ్బు ఇప్పుడే కొట్టేస్తాను."

బాబాయ్ రాజుగారి వైపు చూశాడు. రాజుగారు ఫోనులో ఉన్నారు, రెండు వేళ్లు ఎత్తి చూపించారు.

"రెండంటండి. ఫాల్గుణం దాటాక రండి, పెట్ట ఇప్పుడు పిల్లల మీద ఉంది."

ఆయన ఫోన్‌పే తెరిచి నంబరు అడిగాడు.